ఒక్క చుక్క రాని బేస్‌మెంట్

పంపు ఆపేస్తేనే ఇల్లు నిలుస్తుందని జోసఫిన్ అన్నప్పటి నుంచి అబ్రహాం కూతురితో మాట్లాడటం మానేశాడు.

అలిగి గదిలో కూర్చున్నాడని కాదు. పని చేసుకుంటూనే ఉన్నాడు. గరాజ్‌లోంచి రెండో పంపు మోసుకొచ్చాడు. బేస్‌మెంట్ తలుపుకి జోసఫిన్ కుర్చీ అడ్డంగా ఉంటే జరగమని కూడా అనలేదు. పంపు చేతుల్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ పిల్లే చూసి జరిగింది.

విమలకుమారి పొయ్యి దగ్గర నిలబడి ఇదంతా గమనిస్తోంది. టీ మరిగి మరిగి నల్లబడింది. పోయమని ఎవరూ అడగలేదు.

అబ్రహాం మెట్లు దిగిపోయాడు. కాసేపటికి మొదటి పంపు మోతకు రెండో మోత తోడైంది. ఆ అదురు నేల చెక్కల్లోంచి అరికాళ్లలోకి, అక్కడి నుంచి పళ్లలోకి వస్తోంది. వారం రోజులుగా ఈ ఇంట్లో అందరూ కొంచెం గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అందుకేనేమో, ఎవరు ఏమన్నా దెబ్బలాటలాగే వినిపిస్తోంది.

పైన మిన్నెసోటాలో మంచు ఒక్కసారిగా కరిగి మిసిసిపీ మీద పడింది. నది రేపటికి బాగా పెరుగుతుందని టీవీలో చెబుతున్నారు. బ్రాడీస్ ల్యాండింగ్ ఊళ్లో సగం మంది కరకట్ట మీదే ఉన్నారు, ఇసుక బస్తాలు పేరుస్తూ. కట్ట గట్టిగానే ఉంది. దాన్ని చూసే అబ్రహాంకి ధైర్యం.

కానీ వీళ్లుండే బటన్ స్ట్రీట్‌లోకి నీళ్లు కట్ట దాటి రానక్కర్లేదు. ఆ మాట చెప్పడానికే పొద్దున ఐరీన్ వచ్చింది.

ఐరీన్ డెబ్బై దాటిన మనిషి. వీధి చివర, ఒకప్పటి బొత్తాల ఫ్యాక్టరీ ఆఫీసులో, ఊరి చరిత్ర మ్యూజియం నడుపుతుంది. జోసఫిన్ శనివారాలు అక్కడికి వలంటీర్‌గా వెళ్లి పాత మనుషుల కబుర్లు రికార్డు చేస్తుంటుంది. ఆవిడ రబ్బరు బూట్లతో వరండాలో నిలబడి, కిటికీలోంచి వీధిలోకి నీళ్లు చిమ్ముతున్న గొట్టాన్నే చూస్తూ మాట్లాడింది. అబ్రహాం కుర్చీ వేశాడు, టీ తాగమన్నాడు, చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. చివరికి, మేం బాగానే ఉన్నాం, థాంక్యూ అన్నాడు.

మెట్లు దిగుతూ ఆవిడ విమలకుమారి మణికట్టు పట్టుకుంది. ఇంటి సంగతి తర్వాత, మీ ఆయన్ని కిందికి దిగనివ్వకు అంది. మా నాన్న కూడా పంపు చూసొస్తాననే దిగాడు అంది. వాన జల్లు పడుతుంటే గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది.

విమలకుమారికి అప్పటినుంచి మణికట్టు దగ్గర చల్లగానే ఉంది.

"మమ్మీ," అంది జోసఫిన్, పంపుల మోత మీదుగా. "మనం సండే కార్స్ పార్క్ చేసే ప్లేస్ ఉంది కదా, పక్కన గ్రాస్?"

"ఊఁ."

"అది ఐరీన్ వాళ్ల ఇల్లు."

విమలకుమారి పొయ్యి ఆపింది.

జోసఫిన్ చెప్పుకొచ్చింది. అమెరికాలో పుట్టిన పిల్ల కాబట్టి తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది. వరసగా చెప్పాలనుకున్నప్పుడు మాత్రం తడబడదు. పంతొమ్మిది వందల అరవై ఐదులో పెద్ద వరద వచ్చింది. అప్పటికి ఈ వీధి నిండా ఇళ్లే. ఫ్యాక్టరీవాళ్లు నదిలో ఆల్చిప్పలు పట్టి, బొత్తాలకు కావలసినంత గుండ్రంగా కోసుకుని, మిగిలిన గుల్లల్ని ఇక్కడి పల్లంలో పోసేవాళ్లు. అలా ఏళ్ల తరబడి పోసి, పైన కొంచెం మట్టి పరిచి వీధి వేశారు.

అది విమలకుమారికి తెలుసు. పెరట్లో గోంగూర వేద్దామని తవ్వినప్పుడల్లా చిల్లులు పడ్డ ముత్యపు గుల్లలు పారకు తగిలేవి. కడిగి కిటికీలో పెట్టుకుంది కూడా. అందంగా ఉన్నాయనుకుంది.

"అంటే మన కింద మట్టి లేదు మమ్మీ. అన్నీ షెల్స్, హోల్స్. రివర్ పెరిగితే ఇక్కడ కూడా అంతే పెరుగుతుంది, కిందనుంచి. గోడని బయటనుంచి పుష్ చేస్తుంది. లోపల కూడా వాటర్ ఉంటే రెండు సైడ్సూ సేమ్. గోడకి ఏం కాదు. డాడీ లోపలిది తీసేస్తున్నారు." అరచేతులు రెండూ ఒకదానికొకటి ఆనించి, ఒకటి తీసేసింది. రెండోది ముందుకు పడింది. "ఇలా."

ఈ వీధివాళ్లకు ఒక అలవాటు ఉండేదట. నది ఫలానా గుర్తు దాటిందంటే కరెంటు ఆపేసేవాళ్లు. సామాను పైకి చేర్చి, తోట గొట్టం కిటికీలోంచి వదిలి, మంచినీళ్లతో తమ బేస్‌మెంట్‌ని తామే నింపుకునేవాళ్లు. మంచినీళ్లతో నిండితే బురద తక్కువ చేరుతుందని. నింపి, తలుపు తాళం వేసి, కొండ మీది చర్చికి వెళ్లి పడుకునేవాళ్లు. ఆ ఏడు మాత్రం కొత్తగా పంపులు అమ్మకానికొచ్చాయి. కొన్నవాళ్ల ఇళ్లే పడిపోయాయి.

"డాడీకి చెప్పావా ఇదంతా?"

"చెప్పా. మ్యూజియం స్టోరీస్ అన్నారు."

విమలకుమారి కిటికీలోంచి పక్కన ఉన్న పచ్చిక వైపు చూసింది. ఆదివారం తమ బేస్‌మెంట్‌లో జరిగే తెలుగు ఫెలోషిప్ ప్రార్థనకి వచ్చేవాళ్లు కార్లు పెట్టుకునే చోటు. పిల్లలు క్రికెట్ ఆడతారు. పోయిన ఈస్టర్‌కి అక్కడే బల్లలు వేసి బిర్యానీ వడ్డించారు. అక్కడో కుటుంబం ఉండేదని, ఒక మనిషి అక్కడే పోయాడని వాళ్లెవరికీ తెలియదు. ఎవర్నీ అడగను కూడా లేదు.

*

అబ్రహాం పైకి వచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. జేబులో ఫోన్ స్పీకర్‌లో మోగుతోంది. ప్రేయర్ లైన్, ఎక్కడెక్కడివాళ్లో ఫోన్‌లో కలిసి చేసే ప్రార్థన. ప్లేనో నుంచి తిరుపతయ్యగారు నడిపిస్తున్నారు. వీళ్లు బెంటన్‌విల్‌లో ఉన్నప్పటి సంఘపెద్ద. వీళ్లు ఇక్కడికి మారినా ఆయన ప్రార్థన వీళ్లను వదల్లేదు. లైన్‌లో ఎవరో మ్యూట్ పెట్టుకోవడం మర్చిపోయారు. కుక్కర్ విజిల్ వేసింది.

"ఆ కుక్కర్ సిస్టర్ ఎవరో గానీ, మ్యూట్ చేసుకోండమ్మా," అన్నారు తిరుపతయ్యగారు. "ప్రతి ప్రార్థనకీ మీ పప్పు ముందే ఆమేన్ అంటోంది."

ఇంకో రోజైతే విమలకుమారి నవ్వేది.

"అబ్రహాం బ్రదర్ సాక్ష్యం విన్నాం," ఆయన కొనసాగించారు. "చుట్టూ జలప్రళయం. కానీ ప్రార్థన జరిగే ఆ గదిలోకి ఒక్క చుక్క కూడా రాలేదు. దేవునికి స్తోత్రం."

లైన్ నిండా స్తోత్రాలు వినిపించాయి. జోసఫిన్ బల్ల మీది చెంచాను తిప్పుతూ, రావట్లేదంటే తోడేస్తున్నారు కాబట్టి అని గొణిగింది. అబ్రహాం విన్నాడు. ఫోన్ మ్యూట్ చేసి బల్ల మీద పెట్టాడు.

ఆ సాక్ష్యం అతను పోయిన ఆదివారం ఇచ్చాడు. కింద గదిలో, అందరి ముందూ నిలబడి. ఏడాదిన్నరగా అతను నోరు తెరిచి దేవుణ్ణి స్తుతించింది అదే మొదటిసారి. విమలకుమారి అప్పుడు కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు ఆ మాటే మెడకు చుట్టుకుంది.

"ఏమండీ," అంది. "పంపులు ఆపేద్దాం."

అబ్రహాం సింక్ దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. కుళాయి కట్టలేదు.

"నువ్వు కూడానా?"

"ఐరీన్ తమాషాకి వచ్చి చెప్పిందా?"

"ఆవిడది అరవై ఏళ్ల కిందటి మాట. అప్పటి పంపులు వేరు, ఇవి వేరు. ఇంతమంది ప్రార్థన చేస్తున్నారు విమలా. పిల్లల చేత కూడా చేయిస్తున్నారు."

"నీళ్లు రాకూడదని చేస్తున్నారండీ. ఇల్లు పడకూడదని ఎవరూ చెయ్యట్లేదు."

అతను కుళాయి కట్టేశాడు. తువ్వాలు తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఆ గదిని నీళ్లలో ముంచమంటున్నావు," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు. ఆ గదిని."

కింద పంపులు నడుస్తూనే ఉన్నాయి.

పేరు ఎవరూ అనలేదు. ఈ ఇంట్లో అనరు. కొడుకు కెన్నీ చనిపోయిన ఈ ఏడాదిన్నరలో ఆ పేరు బయటివాళ్లే పలికారు. హైవే మీద ఐసు, జారిన కారు, ఆస్పత్రివాళ్ల ఫోన్. అంతకుముందు ఏడు వేసవిలో తండ్రీకొడుకులిద్దరూ కలిసి బేస్‌మెంట్ రాతిగోడలకి తెల్లటి ప్లాస్టర్ అట్టలు బిగించి దాన్ని ప్రార్థన గదిగా మార్చారు. ప్రతి స్క్రూ కెన్నీయే బిగించాడు. ఇప్పుడు ఆ గోడలకి ఒక్క మేకు కొట్టనివ్వడు అబ్రహాం. క్రిస్మస్ నక్షత్రాన్ని కూడా టేపుతోనే అంటించారు.

"డాడీ," అంది జోసఫిన్. "వాడు ఉంటే వాడు కూడా ఇదే..."

"నువ్వు పైకి వెళ్లు."

గట్టిగా కూడా అనలేదు. కానీ జోసఫిన్ మొహం తెల్లబోయింది. కదల్లేదు.

అప్పుడు కింద నుంచి ఆ చప్పుడు వచ్చింది. పెద్దదేం కాదు. బిగించిన బొత్తాం ఊడినట్టు, టప్‌మని ఒక్కటి. కాసేపాగి ఇంకొకటి.

అబ్రహాం ఫోన్ జేబులో వేసుకుని మెట్ల వైపు నడిచాడు. పంపు చూసొస్తానన్నాడు.

విమలకుమారికి మణికట్టు దగ్గర మళ్లీ చల్లబడింది. అతని వెనకే నడిచింది. జోసఫిన్ లేవబోతుంటే, కదిలావంటే ఊరుకోను అంది. పిల్ల వెంట రాకూడదని బేస్‌మెంట్ తలుపు లాగి, గొళ్లెం పడేదాకా గట్టిగా వేసింది.

*

కింద అంతా ఎప్పటిలాగే ఉంది. అది చూస్తేనే ఆమెకు ఎక్కువ భయం వేసింది. కుర్చీలు వరసలో ఉన్నాయి. తబలా మీద గుడ్డ కప్పి ఉంది. కార్పెట్ పొడిగా ఉంది. గోడ పైభాగంలో పిల్లి దూరేంత కిటికీ, దాని బయట ఇసుక బస్తాలు, సందులోంచి మధ్యాహ్నపు బూడిద వెలుతురు. మూలన నీళ్లు ఊరే గోతిలో రెండు పంపులూ గుక్క తిప్పుకోకుండా తోడుతున్నాయి.

"చూశావా," అన్నాడు అబ్రహాం. "ఒక్క చుక్క లేదు."

టప్.

నది వైపు గోడ. తెల్లటి పెయింటు మీద ఒక చిన్న పొక్కు లేచింది. దాని పక్కన ఇంకొకటి. స్క్రూ తలలు వాటంతట అవే బయటికి వస్తున్నాయి. రెండు అట్టల మధ్య అతుకు పైనుంచి కింది దాకా వెంట్రుకంత విడింది.

విమలకుమారి అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా ఉంది. లోపల ఏదో సన్నగా వణుకుతోంది, జ్వరం వచ్చిన పిల్లవాడి వీపులాగా.

"దీని వెనక చూడాలండీ."

"ఏం అక్కర్లేదు."

"రాయి ఎలా ఉందో చూస్తే చాలు. బాగుంటే నేనింక నోరెత్తను. పంపులు ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు వేసుకోండి."

"విమలా, వద్దు." అతను ఆమెకూ గోడకూ మధ్యకి వచ్చాడు. ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు. "దాన్ని ముట్టుకోవద్దు. ఇంకెక్కడైనా చూడు. ఇది మాత్రం వద్దు."

పనిముట్ల పెట్టె తెరిచే ఉంది. ఆమె సుత్తి తీసుకుంది. పెళ్లయ్యాక ఎన్నడూ భర్తను చేత్తో తోసిన మనిషి కాదు. ఎడమ చేత్తో అతని భుజాన్ని పక్కకు నెట్టింది. అతను జరిగాడు. బలం లేక కాదు. ఆమె మొహం చూసి జరిగాడు.

మొదటి దెబ్బకు సుత్తి అట్టలో దిగబడింది. లాగితే తెల్లటి పొడి రాలింది. రెండో దెబ్బకు కెన్నీ బిగించిన స్క్రూ ఒకటి ఎగిరి కార్పెట్ మీద పడింది. అబ్రహాం గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆమె ఆగలేదు. అంచు పట్టుకుని రెండు చేతులా లాగింది. అట్ట పెద్ద ముక్కగా విరిగి కింద పడింది.

రాతిగోడ కనబడింది.

నిటారుగా లేదు. నడుమెత్తున ముందుకు పొంగి, కడుపులా వాళ్ల మీదికి వచ్చి ఉంది. రాళ్ల మధ్య సున్నం పెరుగులా మెత్తబడింది. ఒక సందులోంచి బురదతో పాటు తెల్లగా ఏవో జారి పడుతున్నాయి. ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆమె పాదం దగ్గర ఆగింది. ఆల్చిప్ప. మధ్యలో గుండ్రటి చిల్లు.

అబ్రహాం ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. ఆదివారాలు వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. లైన్‌లో ఎవరో సిస్టర్ ప్రార్థిస్తోంది, ఆ గదిని నీ రెక్కల కింద పొడిగా ఉంచు తండ్రీ అని. అతను మ్యూట్ తీశాడు.

"తిరుపతయ్యగారూ, వందనాలు. అబ్రహాంని."

"చెప్పండి బ్రదర్, ఎలా ఉంది అక్కడ?"

"ప్రేయర్ పాయింట్ మారింది. నీళ్లు లోపలికి రావాలని చెయ్యండి."

"అర్థం కాలేదు బ్రదర్."

"అర్థమైంది మీకు," అన్నాడు అబ్రహాం. "నేను ఇచ్చిన సాక్ష్యం తప్పు. నీళ్లు దేవుడు ఆపలేదు. నేను తోడి పోశాను. చెయ్యండి ప్రార్థన."

ఫోన్ కట్టేశాడు. లేచి వెళ్లి పంపుల వైర్లు రెండూ పీకేశాడు. మెట్ల పక్కనున్న కరెంటు పెట్టె తెరిచి మెయిన్ దించేశాడు.

వారంగా ఆ ఇంట్లో ఆగని మోత ఆగింది.

అంతవరకు మోత కింద దాగి ఉన్న చప్పుళ్లన్నీ అప్పుడు వినబడ్డాయి. గోతిలో నీళ్లు గుటకలు వేస్తున్నాయి. గోడలో రాయి మీద రాయి పళ్లు కొరికినట్టు రాసుకుంటోంది. పైన ఎక్కడో దూలం మూలిగింది. గోతి అంచు తడిసింది, నిండింది, నల్లటి నీళ్లు కార్పెట్ మీదికి నాలుకలా సాగాయి. అబ్రహాం తబలా అందుకోబోయాడు. విమలకుమారి అతని చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగింది.

తలుపు రాలేదు.

పిడి తిరిగి గొళ్లెం వీడింది. తలుపు మాత్రం కదల్లేదు. అబ్రహాం భుజంతో తోశాడు. పై మూలన చట్రం ఏటవాలుగా కిందికి దిగి తలుపును నొక్కి పట్టుకుని ఉంది. ఇల్లు అప్పటికే జరిగింది.

"జోసీ," అన్నాడు. ఆ రోజు కూతురితో అన్న రెండో మాట అది. "లాగు నాన్నా, అటువైపు నుంచి."

అటువైపు పిల్ల లాగుతోంది. ఆయాసపడుతూ ఏడుస్తోంది. తర్వాత ఫోన్‌లో ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది, అడ్రసు రెండుసార్లు చెబుతోంది. అందరూ కట్ట మీద ఉన్నారట, పంపిస్తారట, ఎంతసేపో చెప్పలేరట.

అబ్రహాం వెనక్కి తిరిగాడు.

"వాళ్లు వచ్చేదాకా పంపు వేస్తాను," అన్నాడు. "ఒక్కటే వేస్తాను. లేకపోతే నీళ్లు మన మీదికి..."

"దిగొద్దు."

"చూస్తూ కూర్చోమంటావా?"

"మళ్లీ తోడితే గోడ పడుతుంది. నీళ్లైతే మెట్టు మెట్టుకీ ఆలోచించుకునే టైమ్ ఇస్తాయి. గోడ ఇవ్వదు." ఆమె మెట్లకు అడ్డంగా, అతనికంటే కింద, రెండు చేతులూ చాపి నిలబడింది. ఒక చెయ్యి మెట్ల రెయిలింగ్ మీద, ఒకటి గోడ మీద. గోడ మీద ఉన్న అరచేతికి ఆ వణుకు అందుతోంది. తగ్గిందో పెరిగిందో తెలియడం లేదు. "నన్ను తొక్కుకుంటూ దిగాలి మీరు. దిగండి."

అతను దిగలేదు. ఆమె జుట్టు మీద చెయ్యి వేశాడు.

తలుపు కింది సందులోంచి జోసఫిన్ వేళ్లు కనబడ్డాయి. నేల మీద పడుకుని మాట్లాడుతున్నట్టుంది.

"మమ్మీ. వాటర్ ఎంతవరకు వచ్చింది?"

విమలకుమారి కిందికి చూసింది. బూడిద వెలుతురులో కుర్చీలు పైకి లేచి మెల్లగా గోడ వైపు తేలుతున్నాయి. మెట్టు మెట్టే ఎక్కుతూ నీళ్లు ఆమె నిలబడ్డ మెట్టు దాకా వచ్చేశాయి, చీర కుచ్చెళ్లు బరువెక్కి కిందికి లాగుతున్నాయి. తనేం అన్నా పిల్ల నమ్ముతుందని ఆమెకు తెలుసు. ఎందుకంటే ఈ ఇంట్లో అబద్ధం చెప్పని మనిషి తనొక్కతే.

"ఇంకా కార్పెట్ కూడా పూర్తిగా తడవలేదమ్మా," అంది.